కొనకు కట్టిన మూట

పిల్లలకు మీట పాఠం చెప్పడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక అడుగు స్కేలు, దాని కింద పెట్టడానికి ఒక పెన్సిలు, దారం కట్టిన నాలుగు రబ్బరు ముక్కలు ఉంటే చాలు. బాల్కొండ దగ్గర ఒక సర్కారు బడిలో ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ పాఠం వచ్చిన రోజు క్లాసంతా గోలగోలగా ఉంటుంది, నాకూ హుషారు పుడుతుంది. రెండేళ్లుగా మాత్రం స్కేలు చివరకు బరువు కట్టే ఘట్టం రాగానే దారం పిల్లల చేతికిచ్చి పక్కకు జరుగుతున్నాను. నా చేత్తో కట్టను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు, మొన్నటి దాకా మా ఇంట్లోనే చెప్పలేదు.

మా ఊరు బోధన్ పక్కన. నా చిన్నతనంలో ఊరి చుట్టూ చెరకు తోటలే. ఒకసారి చెరకు బండి చక్రం బురదలో కూరుకుపోయి ఎడ్లు మోకాళ్ల మీద పడితే, మా నాన్న, అంటే బాపు, పొడుగాటి తుమ్మ దుంగ ఒకటి తెచ్చి ఇరుసు కింద దూర్చాడు. దుంగ కింద ఒక రాయి పెట్టాడు. నన్నెత్తి దుంగ చివర కూర్చోబెట్టి, తను నా పక్కన రెండు చేతులూ ఆనించాడు. బండి గుడుక్కున లేచింది. "సూడు బిడ్డా, నీ బరువుకే లేసింది బండి" అన్నాడు. అది అబద్ధమని, తను కూడా నొక్కాడని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రమంతా బండిని నేనే లేపానని వాడంతా చెప్పుకుని తిరిగాను. ఫిజిక్స్ ఎందుకు చదివావని ఎవరడిగినా ఈ ముచ్చటే చెబుతాను. చిన్న బరువైనా దూరంగా కూర్చుంటే పెద్ద పని చేస్తుందని ఆ వయసులోనే నాకు అర్థమైంది, అందులో నాకు సంతోషమే కనిపించింది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు బాపూ పోయాడు. మా అన్న కొంత వరి వేశాడు, కొంత పసుపు వేశాడు. పసుపు తవ్వగానే సంచులకెత్తే పంట కాదు. కొమ్ముల్ని ఉడకబెట్టాలి, కళ్లంలో రెండు వారాలు ఎండబెట్టాలి, తర్వాత నునుపు చేయాలి. ఇదివరకు పెద్ద ఇనుప కడాయిల్లో ఉడికించేవాళ్లు. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. చక్రాల మీద ఒక ఇనుప పీపా, దాని కింద పొయ్యి. పీపాలో నీళ్లు మరిగి, ఆవిరి గొట్టాల గుండా పక్కన గట్టిగా బిగించి మూసిన డ్రమ్ముల్లోకి పోతుంది. పసుపు ఉండేది ఆ డ్రమ్ముల్లో. ట్రాక్టరుకు తగిలించుకుని ఏ చేనుకైనా తోలుకుపోవచ్చు. రెండేళ్ల కింద చలికాలంలో అన్న అలాంటిదొకటి చేయించాడు. సొంత పసుపు అయిపోగానే, పసుపు బాగా పండే బాల్కొండ, ఏర్గట్ల, మెండోర వైపు చేలకు దాన్ని తీసుకుపోయి సీజనంతా తిరగాలని అతని ఆలోచన.

దాన్ని చేసింది బోధన్‌లో వెల్డింగ్ షాపు నడిపే ఒక ముసలాయన. ఊరందరికీ చాచా, మాకూ చాచానే. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడి బాయిలర్ల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఏ మిషన్‌నైనా కళ్లతో కన్నా చెవులతో ఎక్కువ చూసేవాడు. బాయిలర్ అప్పగించే రోజు నేను టీచరునని ప్రత్యేకంగా నిచ్చెన ఎక్కించి పీపా నెత్తి చూపించాడు.

అక్కడ నిమ్మకాయంత రంధ్రం, దాని మీద ఇత్తడి మూత. మూతను నొక్కి పట్టడానికి ఒక ఇనుప కడ్డీ. కడ్డీ ఒక కొన కీలుకు బిగించి ఉంది. కీలుకు రెండంగుళాల దూరంలో మూత. రెండో కొన ఇరవై అంగుళాల దూరం దాకా గాల్లోకి పొడుచుకొచ్చింది. మధ్యలో ఒక ఇనుప గుండు వేలాడుతోంది. గుండు వేలాడే చోట చాచా ఆకురాయితో గాటు పెట్టాడు.

"బేటీ, లోపట ఆవిరి జాస్తి అయితె గీ మూత లేస్తది. సుయ్‌మని బయటికి పోతది. గది దాని ఊపిరి. గుండు గీ గాట్లనె ఉండాలె. గాటు అవుతలికి ఏదీ పోవద్దు" అన్నాడు.

నేను ఊరుకుంటానా. "గిది అడకత్తెర తీరు మీట చాచా. మూత కీలు పక్కనే ఉన్నది, బరువేమో దూరంగ ఉన్నది. గీ కొనకు ఒక్క కిలో కడితె మూత మీద పది కిలోలు పడ్డట్టు" అన్నాను.

చాచా నవ్వాడు. "లెక్క నీకొచ్చు బేటీ. నాకు భయమొచ్చు. రెండూ ఒక్కల్లకే ఉంటె మంచిగుండు" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయన పనిముట్ల డబ్బా సర్దుకుని బోధన్ వెళ్లిపోయాడు.

మా దిక్కు కొత్త మిషన్‌కు దిష్టి మూట కట్టకుండా పని మొదలుపెట్టరు. ఎర్రగుడ్డలో కొబ్బరికాయ, గల్లుప్పు, ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ము, ఒక ఇనుప ముక్క వేసి మూట కడతారు. ఇనుము లేకపోతే దిష్టి ఆగదని మా అమ్మ నమ్మకం. ఆమెను మేం అవ్వ అంటాం. ఆ రోజు ఆమె బాపు నాగలికి అరిగిపోయిన కర్రు ముక్కను వెతికి తెచ్చి మూటలో వేసింది. మూట కట్టాల్సింది ఆ ఇంటి ఆడబిడ్డ. అది నేల తాకకూడదు, ఎత్తున అందరి కళ్లకూ కనబడాలి. సీజను అయిపోయాక విప్పి గోదావరిలో వదలాలి. విప్పాల్సింది కూడా కట్టిన చెయ్యే. వేరేవాళ్లు ముట్టుకుంటే ఆ కీడు వాళ్లకు చుట్టుకుంటుందంటారు.

ఎక్కడ కట్టాలా అని చూశాను. పీపా అంతా వేడెక్కేదే. గొట్టాలు వేడి, పొగగొట్టం వేడి. గుడ్డ కాలకుండా ఉండే చోటు ఒక్కటే కనిపించింది, గాల్లోకి పొడుచుకొచ్చిన ఆ కడ్డీ చివర. గుండు జారి పడిపోకుండా చాచా దాని కొన కొంచెం పైకి వంచాడు. ఆ వంపు నా మూట కోసమే పెట్టినట్టుంది. ఊడిపోకుండా గట్టిగా ముడి వేసి, రెండు చేతులూ జోడించి, మా అన్నకు ఏ ఆపదా రాకూడదని మొక్కుకున్నాను.

ఫిజిక్స్ టీచరువు, నీ చేతికి ఆ బరువు తెలియలేదా అని మీరు అడగొచ్చు. తెలియలేదు. గంట ముందే చాచా దగ్గర లెక్క అప్పజెప్పిన మనిషిని నేను. కానీ లెక్కలో బరువంటే నాకు గుండు, తూకం రాయి, స్కేలుకు కట్టే రబ్బరు ముక్క. ఆ నిమిషం నా చేతిలో ఉన్నది అవ్వ ఇచ్చిన మూట. దాన్ని బరువని అనుకోవడం నాకు రాలేదు. అది ఆదివారం. సోమవారం నాడు తొమ్మిదో తరగతిలో మీట పాఠం చెప్పాను, అదీ అన్న బాయిలర్‌నే ఉదాహరణగా తీసుకుని.

వారం తర్వాత అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, సుయ్‌మంటది సుయ్‌మంటది అని చాచా మస్తు చెప్పిండు గాని, గంత అంటలేదు. కట్టెలు సుత తక్కువ పడుతున్నయ్" అన్నాడు. మంచిదే కదా అన్నాను.

బాయిలర్ మా ఊరు దాటి బాల్కొండ వైపు పోయింది. ఏ చేనులో పొయ్యి ముట్టిస్తే ఆ ఇంటి ఆడబిడ్డ వచ్చి తమ మూట తాను కట్టేది. పరాయివాళ్ల మిషన్ తమ పసుపును ఉడికిస్తోంది, తమ దిష్టి తామే తీయాలి కదా. ఎక్కడ కట్టాలో ఎవరికీ సందేహం రాలేదు, నా మూట అప్పటికే అక్కడ వేలాడుతోంది. దాని పక్కనే రెండోది, దాని పక్కన మూడోది. బాయిలర్ ఇంకో చేనుకు పోయేటప్పుడు వాటిని విప్పే హక్కు అన్నకు లేదు. ఒకళ్లింటి ఆడబిడ్డ వేసిన ముడి అతనెట్లా ముడతాడు. అట్లా మూటలన్నీ అతనితోపాటే ప్రయాణం చేశాయి.

ఒకరోజు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. బాయిలర్ మెడలో బంతిపూల దండ, నెత్తిన కడ్డీ చివర గుత్తిగా ఏడు ఎర్ర మూటలు. పక్కన అన్న స్టూలు మీద రాజాలాగా కూర్చుని ఉన్నాడు. నేను దానికి గుండె బొమ్మ పెట్టి చుట్టాలందరికీ పంపాను. సాయంత్రం మళ్లీ ఫోన్.

"ఇప్పుడు సప్పుడే లేదు చెల్లె. పిల్లి లెక్క కూసుంటున్నది. ఇదివరకటి కంటె సగం సేపట్లనె కొమ్ములు మెత్తగైతున్నయ్."

లోపల పీడనం పెరిగితే నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుందని, అందుకే తొందరగా ఉడుకుతోందని నేను వివరంగా చెప్పాను. "నీ మిషన్ ఇప్పుడు ప్రెషర్ కుక్కర్ అయిందన్నా" అన్నాను. అక్షరాలా ఈ మాటే అన్నాను, మెచ్చుకుంటూ అన్నాను. పీడనం ఎందుకు పెరిగిందని మాత్రం నన్ను నేను అడగలేదు.

"ప్రెషర్ చూపే కాటా ముల్లు ఎర్రగీత కాడ వొయ్యి ఆడ్నే ఆగింది. కరాబైనట్టున్నది" అన్నాడు అన్న. "కింది అతుకు కాడ జర చెమట వడుతున్నది."

"చాచాకు చూపియ్యి."

"సీజన్ అయినంక చూపిస్త."

నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి అంటే వెంటనే ఆసుపత్రికి పొమ్మని పోరుపెట్టే మనిషిని, ఒక ఇనుప పీపాకు చెమట పడుతోందంటే సరేనని ఊరుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఐదో ప్రశ్న నేను సొంతంగా తయారుచేసింది. బాయిలర్ మూతను నొక్కి పట్టే కడ్డీ ఇరవై అంగుళాలు, కీలు నుంచి రెండంగుళాల దూరంలో మూత, కడ్డీ చివర ఒక కిలో వేలాడదీస్తే మూత మీద ఎంత బలం పడుతుంది? పది కిలోల బరువంత. టిక్కు పెట్టాను. ఇంకో పేపరు, మళ్లీ పది. టిక్కు. పిల్లలకు పాఠం బాగానే ఎక్కిందని మురిసిపోతున్నాను. ఒక పేపరులో మాత్రం జవాబుతోపాటు బొమ్మ కూడా ఉంది, కడ్డీ చివర వేలాడే బరువుకు ఎర్ర పెన్నుతో రంగు పూసి ఉంది. నాకు కోపం వచ్చింది. ఎర్ర పెన్ను టీచరుది, పిల్లలు వాడకూడదని ఎన్నిసార్లు చెప్పాను. అర మార్కు కోసేద్దామని పెన్ను ఆనించి ఆగిపోయాను. గుండ్రంగా, ఎర్రగా, పైన చిన్న ముడితో అది కడ్డీ చివర వేలాడుతోంది.

ఫోన్ తీసి ఫోటో చూశాను. ఏడు. ఒక్కోటి ముప్పావు కిలో వేసుకున్నా ఐదుంబావు కిలోలు. మూత మీద యాభై రెండున్నర. ఆ ఏడాది నా బరువు యాభై రెండు కిలోలు. నేనే వెళ్లి ఆ మూత మీద కూర్చున్నట్టు లెక్క తేలింది. నీ బరువుకే లేసింది బండి అన్న బాపు మాట గుర్తొచ్చింది.

అన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు బాయిలర్ మెండోర దగ్గర ఒక చేనులో ఉంది. పక్క టీచరు స్కూటీ తాళం అడిగి తీసుకుని, బయల్దేరే ముందు చాచాకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మంట గుంజెయ్యిమను" అన్నాడు. "నీళ్లు పొయ్యొద్దు. కడ్డీ ముట్టొద్దు, మూటలు కొయ్యొద్దు. ఒక్కపారిగ మూత లేస్తె ఏమైతదో చెప్పరాదు. మంట తీసి అందరు దూరం పోవాలె. సల్లారెదాకా ఎవ్వల్లు కాడికి పోవద్దు."

"చాచా, మొదలు కట్టింది నేనే" అన్నాను.

"గా ముచ్చట తర్వాత. నువ్వు నడువు."

దారి పొడుగునా పసుపు కళ్లాలే. అన్ని చోట్లా ఉడికిన పసుపు వాసన, అన్ని చోట్లా ఎక్కడో ఒక బాయిలర్ సుయ్‌మంటున్న చప్పుడు. ఇదివరకు ఎన్నడూ ఆ చప్పుడు నాకు అంత హాయిగా వినపడలేదు. ఎర్ర మూటలు వేరే మిషన్లకూ ఉన్నాయి. కొందరు ట్రాలీకి కట్టుకున్నారు, కొందరు ట్రాక్టరు ముందు కొక్కేనికి. ఒక్క చోట కూడా మూతను నొక్కే కడ్డీకి కట్టినట్టు కనబడలేదు. మెండోర దాటి చేనులోకి తిరిగేసరికి చప్పుడు ఆగిపోయింది. అన్న బాయిలర్ పొగ మాత్రం వదులుతూ, ఏమీ అనకుండా నిలబడి ఉంది.

ఆ ఇంటి ఆడబిడ్డ పళ్లెంలో ఎనిమిదో మూట పెట్టుకుని, పసుపు కుంకుమ చల్లుతోంది. అన్న పీపా ఎడమ పక్కన, అతుకుకు రెండు గజాల దూరంలో స్టూలేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏంది చెల్లె, బడి లేదా ఇయ్యాల?"

"మంట గుంజెయ్యన్నా. ప్రెషర్ ఎక్కువైంది. చాచా చెప్పిండు."

"ఏం గాలె. మంచిగనే ఉన్నది గద."

"నేను ఫిజిక్స్ టీచర్ను, నువ్వు పదోతరగతి ఫెయిల్. గుంజెయ్యి" అన్నాను. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. అన్న నవ్వలేదు. నా మొహంలో ఏం చూశాడో, లేచి పొడుగాటి ఇనుప కొక్కెం తీసుకున్నాడు. నేను గుంజుతానని ముందుకు పోతే భుజం పట్టి వెనక్కి నెట్టాడు. పళ్లెం పట్టుకున్న ఆమెను, పనివాళ్లను మోటారు కొట్టం వెనక్కి తోలాను. నేనూ అక్కడే నిలబడ్డాను.

అన్న వంగి నిప్పులు బయటికి లాగుతున్నాడు. ఒక పెద్ద మొద్దు ఇరుక్కుంది, దాన్ని కూడా లాగాడు. నేను పైకి చూశాను. ఏడు మూటల్లో అన్నిటికన్నా చివరున్నది నాదే, ఎండకు రంగు వెలిసిపోయింది. పరిగెత్తి పోయి పీకేయాలని కాళ్లు లాగుతున్నాయి. చాచా మాట ఒక్కటే నన్ను ఆపింది. నేను మొక్కిన మొక్కు నాకు గుర్తుంది. ఏ ఆపదా రాకూడదని మొక్కి ఆపద కట్టి వచ్చానని అక్కడ నిలబడి అనుకున్నాను.

అన్న కొక్కెం భుజాన వేసుకుని మా వైపు నడిచాడు. పది పన్నెండు అడుగులు వేసి ఉంటాడు. పెద్ద చప్పుడైందని అందరూ అంటారు. నాకు మొదట వినబడింది కొత్త గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత తెల్లటి ఆవిరి, దాంట్లో అన్న కనబడలేదు. పీపా ఒక పక్కకు ఎగిరి, బాపు లేపిన బండిలాగా గుడుక్కున లేచి, డ్రమ్ముల మీద పడింది. ఆవిరి పలచబడ్డాక చూస్తే అన్న ఉడికిన పసుపు రాశి మీద బోర్లా పడి ఉన్నాడు. స్టూలు అసలు దొరకనే లేదు.

మంట తీశాక ఎందుకు పగిలిందని చాలామంది అడిగారు. మంట పోయినా నీళ్లలోకి చేరిన వేడి అట్లానే ఉంటుంది, అది బయటపడడానికి దారి కావాలి. శక్తి అంటే పని చేయగల సామర్థ్యమని నేను ఏటా బోర్డు మీద రాస్తాను. ఎవరి పని చేస్తుందని ఆ నిర్వచనంలో లేదు. నిమ్మకాయంత దారి మేము మూసేశాం, అది గజం పొడుగు దారి తనకు తాను చేసుకుంది.

అన్న బతికాడు. వీపు, ఎడమ చెయ్యి కాలాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. నిజామాబాద్ ఆసుపత్రిలో నెల రోజులకు పైగా ఉన్నాడు. మొదటి రోజే అవ్వ వచ్చి, వరండాలో అందరి ముందూ నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది.

"నీ చేతి మూటనె నా కొడుకును కాపాడింది బిడ్డా. గంత పెద్ద గండం చెవుతోని పోయింది" అన్నది.

అప్పుడే చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. వదిన పక్కనే ఏడుస్తూ నిలబడి ఉంది, లోపల అన్న మూలుగుతున్నాడు, ఇది సమయం కాదనుకున్నాను. అన్న ఇంటికి వచ్చాక వదిన నాకు బొట్టు పెట్టి చీర పెట్టింది, నీ వల్లే నా పసుపు కుంకుమలు నిలిచాయన్నది. ఆ చీర తీసుకున్నాను. ఒక్కసారి కూడా కట్టుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. బీరువాలో అడుగున ఉంది.

పగిలిన నాలుగో రోజు చాచా నన్ను వెంటబెట్టుకుని ఆ చేనుకు పోయాడు. చిరిగిన అతుకును వేలితో తడిమి చూశాడు. కడ్డీ అవతల వరి మడిలో దొరికింది. ఆరు మూటలు ఎటు పోయాయో తెలియదు. నాది మాత్రం సగం కాలిన గుడ్డతో, లోపల కర్రు ముక్కతో, ఇంకా దాని కొనకే ఉంది. అంత గట్టిగా కట్టాను.

"ఇంట్ల చెప్పినవా?" అన్నాడు చాచా.

"లేదు."

"నువ్వే చెప్పాలె బేటీ. మూటల తోని గిట్లయిందని నేను చెప్తె ఇంకో తీరుగ అనుకుంటరు." ఆయన గడ్డం గోక్కున్నాడు, ఎటో చూశాడు. "బాయిలర్ చేసింది నేను. నా అతుకే పలిగిందని అందరు అంటున్నరు. అననియ్యి. గాని నువ్వు చెప్పు. మీ అన్న ఇంకోటి కొంటడు."

కడ్డీని రెండు చేతులా పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. కట్టిన చెయ్యే విప్పాలన్న సంగతి ఆయనకూ తెలుసు. నేను ముడి విప్పాను, చాలాసేపు పట్టింది. ఆ కర్రు ముక్కను ఇంటికి తెచ్చుకున్నాను.

చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి అన్నతో ట్రాక్టరు మీద పోతూ చెప్పాను కూడా. "అన్నా, నీ చెవు పోయింది నా మూట వల్లనే" అని స్పష్టంగా అన్నాను. అతను రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు, వినలేదు. నేను ఎడమవైపు కూర్చున్నాను. కుడివైపు చోటున్నా ఎడమవైపే కూర్చున్నాను. మొన్నటి వానాకాలంలో చాచా పోయాడు. జనాజా వెనక నడిచిన అన్న ఇంటికి వచ్చి, పాపం మంచోడు, అతుకే సరిగ వెయ్యలేదు అన్నాడు. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. బతికున్నంత కాలం నన్ను కాపాడిన మనిషిని, పోయిన రోజున కూడా మాట పడనిచ్చాను. ఇంత పిరికిదాన్నని నాకే తెలియదు.

చాచా అన్నట్టే అన్న ఈ సంవత్సరం ఇంకో బాయిలర్ చేయించాడు. వేరే వెల్డర్, అదే నమూనా, నెత్తిన అదే కడ్డీ. పొయ్యి ముట్టించే రోజు నన్ను రమ్మన్నాడు. బడిలో పని ఉందని అబద్ధం చెప్పాను. నేను పోకపోతే మూట కట్టే వాళ్లుండరని, అంతటితో ఆ పీడ వదులుతుందని లోలోపల నా లెక్క. ఆడబిడ్డలు మా వంశంలో నేనొక్కదాన్నే ఉన్నట్టు.

మొన్న మధ్యాహ్నం క్లాసు అయిపోయి, చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నాను. అన్న ఫోన్ చేశాడు. ఏర్గట్ల దగ్గర ఒక చేనులో ఉన్నానన్నాడు. గొంతులో హుషారు.

"చెల్లె, పాతదాని కంటె గిది ఇంక మంచిగున్నది. సప్పుడే లేదు."

"మూటలు కట్టిండ్రా?" అన్నాను.

"కట్టకుంట ఉంటరా. నువ్వు రాకపోతివి, పెద్దబాపు బిడ్డతోని కట్టించింది అవ్వ. ఈపారి పెద్ద కొబ్బరికాయ వెట్టింది. ఇప్పటికి ఐదైనయ్."

"ఏడ కట్టిండ్రు?"

"నువ్వు కట్టిన కాడనె. ఎవ్వల్లు వచ్చినా గక్కడనె కట్టమని నేనే చెప్తున్న" అన్నాడు. "గక్కడ కట్టినందుకే గద నేను బతికింది."

ఇక సాకులేవీ మిగల్లేదు. "అన్నా, మంట గుంజెయ్యి. ఇప్పుడే. నీళ్లు పొయ్యకు, కడ్డీ ముట్టకు. అందర్ని తీస్కోని దూరం పో. ఫోన్ కట్ చెయ్యకు."

ఒకసారి నా మాట విని బతికాడు కాబట్టి ఈసారి ఎందుకని అడగలేదు. బూడిదలో ఇనుము గీసుకుంటున్న చప్పుడు వినబడింది, చాలాసేపు వినబడింది. ఎవరినో పక్కకు పొమ్మని కేకేశాడు. తర్వాత అడుగుల చప్పుడు. ఆ అడుగులు లెక్కపెట్టాను. పన్నెండు దాటాయి, యాభై దాటాయి, నేను ఊపిరి తీసుకున్నాను.

"ఫోన్ ఏ చెవుకు వెట్టుకున్నవు?" అన్నాను.

"ఏ చెవుకేంది, ఉన్నదే ఒక్కటాయె" అన్నాడు.

అప్పుడు చెప్పాను. కొనకు కిలో కడితే మూత మీద పది పడతాయని, పోయినసారి ఏడు మూటలని, మొదటిది నాదని, చాచా అతుకు తప్పు లేదని, తను బతికింది మూటల వల్ల కాదని, చెవి పోయింది మాత్రం వాటి వల్లేనని, రెండేళ్లు నేను దాచానని. పిల్లలకు చెప్పినట్టు విడమరచి చెప్పాను. తిడతాడేమోనని చూశాను, ఫోన్ పెట్టేస్తాడేమోనని చూశాను.

చివరికి చాలా మెల్లగా అడిగాడు. "మరి గీ ఐదు ఎవరు విప్పాలె చెల్లె?"

"నేనే వచ్చి విప్పుత. వస్తున్న" అన్నాను. "నేను వచ్చెదాకా దాని కాడికి పోకు."

సరేనన్నాడు. ఫోన్ చెవికి పెట్టుకునే స్కూటీ తాళం కోసం పక్క టీచరు ముందు చెయ్యి చాపాను. అవతల అన్న ఊపిరి వినబడుతోంది, దూరంగా ఎవరో మాట్లాడుకోవడం వినబడుతోంది. మిషన్ చప్పుడు మాత్రం ఇంకా లేదు.